బ్యాంకు రోల్స్‌లో వెండి నాణేలు నిజంగా దొరుకుతాయా?

ప్రశ్న (డల్లాస్ నుంచి): అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఇండియా నుంచి వచ్చాను. బ్యాంకులో చిల్లర రోల్స్ (కాగితంలో చుట్టిన నాణేల కట్టలు) కొని వెతికితే వెండి నాణేలు, వేరే దేశాలవి దొరుకుతాయని రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా? బ్యాంకువాళ్లు ఏమైనా అంటారా?

జవాబు: నిజమే తమ్ముడూ. 1964 వరకు వచ్చిన డైమ్ (10 సెంట్లు), క్వార్టర్ (25 సెంట్లు), హాఫ్ డాలర్ (50 సెంట్లు) నాణేలలో 90 శాతం వెండి. 1965 చట్టంతో డైమ్, క్వార్టర్లలో వెండి తీసేశారు. హాఫ్ డాలర్లలో మాత్రం 1970 దాకా 40 శాతం ఉంచారు. అప్పటినుంచీ జనం ఏరుకుంటూనే ఉన్నారు కాబట్టి చాలా రోల్స్‌లో ఏమీ ఉండదు. దీన్ని సంపాదన అనుకోవద్దు. కానీ పోయేదీ లేదు, పది డాలర్లిస్తే పది డాలర్ల చిల్లరే కదా చేతికొచ్చేది.

వెండే కావాలంటే హాఫ్ డాలర్లు అడుగు. రోల్‌కి 20 ఉంటాయి. బయట పెద్దగా చెలామణిలో లేవు, ఎవరింట్లోనో డబ్బాలో ఏళ్ల తరబడి ఉండి ఒక్కసారిగా బ్యాంకుకొస్తాయి. అందుకే కస్టమర్లు చేత్తో చుట్టి తెచ్చినవి ఉన్నాయా అని ప్రత్యేకంగా అడగాలి.

క్వార్టర్లయితే రోల్ విప్పి, నలభైనీ దొంతిగా పేర్చి అంచులు చూడు. మామూలువాటికి మధ్యలో ఎర్రటి రాగి గీత ఉంటుంది. వెండిదానికి గీత ఉండదు, అంచంతా తెల్లగా ఉంటుంది, చటుక్కున కనిపిస్తుంది. బల్లమీద వేస్తే ఖంగుమంటుంది. 40 శాతం వెండి ఉన్న హాఫ్ డాలర్లకు మాత్రం అంచును నమ్మొద్దు, సంవత్సరమే చూడాలి. నికెల్స్‌లో (5 సెంట్ల నాణేలు) 1942-45 మధ్యవాటికి వెనకవైపు భవనం బొమ్మలో గోపురం పైన పెద్దగా పి, డి, ఎస్‌లలో ఒక అక్షరం ఉంటే 35 శాతం వెండి. యుద్ధానికి నికెల్ లోహం కావాల్సొచ్చి అలా మార్చారు.

నన్నడిగితే వెండికన్నా విదేశీ నాణేలే ముచ్చట. కెనడావి ఎక్కువ. పనామా నాణేలు కొలతల్లో అమెరికావాటిలాగే ఉంటాయి కాబట్టి కలిసిపోతాయి. పిల్లలున్న ఇంట్లో వాటితోనే భూగోళం పాఠం చెప్పొచ్చు.

ఇక బ్యాంకు సంగతి. నీకు ఖాతా ఉన్నచోటే కొను, రద్దీ లేనప్పుడు వెళ్లు. ఏరగా మిగిలినవి కొన్న బ్రాంచిలోనే తిరిగి ఇవ్వకు. ఆ టెల్లరే మళ్లీ లెక్కపెట్టాలి, పాపం. నాణేల యంత్రం ఉన్న వేరే బ్రాంచిలో జమ చెయ్యి. దొరికినవాటిని చింతపండు పెట్టి తోమొద్దు. తోమిన నాణేనికి సేకరించేవాళ్లు ధర తగ్గించేస్తారు.

మరో జవాబు (టొరంటో నుంచి): బాబూ, ఇంకొకటి. సూపర్ మార్కెట్లలో చిల్లర లెక్కపెట్టే యంత్రాలుంటాయి చూశావా, అవి వెండివీ విదేశీవీ తీసుకోకుండా కింద తొట్టిలోకి తోసేస్తాయి. చాలామంది అక్కడే వదిలేసి పోతారు, ఓసారి చెయ్యిపెట్టి చూడు. మా కెనడా డైమ్, క్వార్టర్లు 1920 నుంచి 1966 దాకా 80 శాతం వెండి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకో. మా కెనడావాటిలో వెండివి దానికి అంటుకోవు, ఈకాలపువి అంటుకుంటాయి.