ఆది స్లావిక్ *బొగు: సొంత మాటా, ఇరానియన్ల దగ్గర తెచ్చుకున్నదా?

నిఘంటుప్రియ:
రష్యన్, బల్గేరియన్ బోగ్, చెక్ బూహ్, అన్నిటికీ అర్థం దేవుడే. స్లావిక్ భాషలన్నిటికీ తల్లి అయిన ఆది స్లావిక్‌లో వీటి మూలంగా పండితులు ఊహించిన రూపం *బొగు. సంస్కృత భగ, ప్రాచీన పర్షియన్ బగ దీనికి చుట్టాలు. నఖ్ష్-ఎ రుస్తమ్ దగ్గర డేరియస్ శాసనం మొదలయ్యేదే 'బగ' అనే మాటతో. స్లావులు దీన్ని ఇరానియన్ భాషలు మాట్లాడిన సిథియన్, సర్మేషియన్ల దగ్గర తీసుకున్నారని నా వాదన. పక్కనున్న లిథువేనియన్లు దేవుణ్ణి ఇప్పటికీ దియెవాస్ అనే అంటున్నారు, అది మన సంస్కృత దేవకు చుట్టం.

వోల్గాతీరం:
తీసుకోవడం దేనికండీ? రష్యన్‌లో బగాతీ అంటే ధనవంతుడు, ఉబోగీ అంటే దీనుడు. వాటా, భాగ్యం అనే పాత అర్థం ఇంకా బతికే ఉంది. పాత స్లావుల దేవుడు దజ్‌బోగ్ పేరుకు అర్థం భాగ్యమిచ్చేవాడు. అరువు మాటకు ఇంత సంతానమా?

నిఘంటుప్రియ:
సంతానం సంగతి సరే, అచ్చు సంగతి చెప్పండి. భాషాశాస్త్రవేత్త వెర్నర్ వింటర్ 1978లో ప్రచురించిన సూత్రం ప్రకారం మూలభాషలో ఒత్తులేని గకారం, దకారం లాంటివాటి ముందు హ్రస్వం దీర్ఘం కావాలి. సొంత మాటైతే ఆ దీర్ఘం స్లావిక్‌లో అకారంగా మారి *బగు అయ్యేది. ఇరానియన్ హ్రస్వ అకారమైతే స్లావిక్‌లో ఒకారం అవుతుంది.

వోల్గాతీరం:
నీళ్లకు స్లావిక్ మాట వొద. మీ సూత్రం నిజమైతే అది వద కావాలి. కాలేదే!

చిరుగాలి:
మాట సొంతం, 'దేవుడు' అనే అర్థం మాత్రం ఇరానియన్ ప్రభావం. అలా కాకూడదా?

నిఘంటుప్రియ:
వొద ఒక మినహాయింపు. ఒక్క మినహాయింపు పట్టుకుని సూత్రాన్ని కొట్టేస్తారా? మళ్లీ అడుగుతున్నాను.

వోల్గాతీరం:
మీరెన్నిసార్లు అడిగినా నా మాట అదే. నేను రష్యాలో మెడిసిన్ చదివాను. మా తెలుగులో సగం సంస్కృతం నుంచి వచ్చిందంటే, మీకంటూ ఏముందని హాస్టల్లో నవ్వారు. అరువు అనడం ఎంత తేలికో, పడేవాళ్లకే తెలుసు. ఇప్పుడు మీరు వాళ్ల దేవుణ్ణీ అరువే అంటున్నారు.

నిఘంటుప్రియ:
వోల్గా గారూ, మన దేవుడు సంస్కృతం నుంచి వచ్చిన మాట, వేలుపు మన సొంతం. దేవుడా అని మొక్కే మా అమ్మ భక్తి అరువు కాదు. మాట తీసుకుంటే జాతి చిన్నబోతుందని నేనెప్పుడన్నాను?

వోల్గాతీరం:
మీరనలేదు. వినేవాళ్లు అలాగే వింటారు. నా బాధ దాని గురించే, వింటర్ గురించి కాదు.

చిరుగాలి:
ఆ ముక్క మొదటే చెబితే ఇంత గొడవ ఉండేది కాదు.

నిఘంటుప్రియ:
బాధ అర్థమైంది. కానీ 980లో కీవ్ రాజు వ్లాదిమిర్ అక్కడ నిలబెట్టిన విగ్రహాల్లో దజ్‌బోగ్ పక్కనే ఖోర్స్ అనే దేవుడూ ఉన్నాడు. ఆ పేరు ఇరానియన్ అని చాలామంది పండితుల మాట. దానికి జవాబు చెప్పండి.

వోల్గాతీరం:
ముందు వొదకు మీరు చెప్పండి.