స్టీలు ఫ్లాస్కు లోపల కాఫీ మరక: సబ్బుకీ బ్రష్‌కీ లొంగట్లేదు

డికాషన్‌దాసు:
అర లీటరు స్టీలు ఫ్లాస్కు, రెండు పొరలది. రోజూ పాలు కలిపిన ఫిల్టర్ కాఫీ పోసి ఆఫీసుకు తీసుకెళ్తాను. అడుగునా, మెడ చుట్టూ ముదురు గోధుమరంగు పొర పట్టేసింది. గిన్నెల సబ్బు, బాటిల్ బ్రష్‌తో పైపైన కాస్త పోతోంది తప్ప అడుగు కదలట్లేదు. వంటసోడా, వెనిగర్ కలిపి పోశాను. బుసబుసా పొంగింది గానీ మరక అలాగే ఉంది. మంచినీళ్లు పోసినా ముక్కిపోయిన కాఫీ వాసనే. స్టీలు పీచుతో తోమొచ్చా? మాకు బోరు నీళ్లు, అది కూడా కారణమా?

గిన్నెలగోల:
పీచు ముట్టుకోకండి. లోపలి స్టీలు నున్నగా ఉన్నంతకాలమే మరక వదులుతుంది. గీతలు పడ్డాయంటే రేపటి కాఫీ వాటిలోనే తిష్ట వేస్తుంది. పైగా అది మామూలు ఇనుప పీచైతే తెగిన ముక్కలు లోపలే ఉండిపోయి తుప్పు చుక్కలు పెడతాయి. ఫ్లాస్కు తుప్పు పట్టిందని మనం అనుకుంటాం, పట్టింది ఆ ముక్కలకు.

వెనిగర్, వంటసోడా కలిపితే ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం. ఒకదాని పని ఇంకోటి చెడగొడుతుంది. పొంగు చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ గ్యాసు మరకను ఏమీ చేయదు, చివరికి మిగిలేది కాస్త ఉప్పటి నీళ్లు. ఆ రెండూ పోసి మూత బిగించే పని మాత్రం ఎప్పుడూ చేయకండి, ఒత్తిడికి మూత ఎగిరి మొహానికి తగులుతుంది.

మీ మరకలో రెండు సంగతులున్నాయి. వేయించిన గింజల్లోంచి వచ్చే ముదురు రంగు ఒకటి, కాఫీ నూనె రెండోది. నూనెకు క్షారం కావాలి, రంగుకు ఆక్సిజన్ కావాలి. రెండూ కలిసి దొరికేది సోడియం పెర్‌కార్బొనేట్. తెల్లటి రవ్వలా ఉంటుంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. వేడినీళ్లలో పడగానే హైడ్రోజన్ పెరాక్సైడ్, వాషింగ్ సోడాగా విడిపోతుంది. బట్టల మరకలకు అమ్మే ఆక్సీ పొడుల్లోనూ ఇదే ఉంటుంది గానీ, వాటిలో సెంటు, డిటర్జెంటు కూడా కలుపుతారు. తాగే పాత్రకు అవి వద్దు, వేరే ఏదీ కలపనిది చూసి కొనండి.

కొలత లీటరుకు ఒక టేబుల్ స్పూను. మీ అర లీటరుకు టీస్పూనున్నర, అంటే 7, 8 గ్రాములు చాలు. నీళ్లు మరిగించి దించి ఐదు నిమిషాలు ఆగండి. ఫ్లాస్కును సింకులో పెట్టి, ముందు పొడి వేసి, నీళ్లు మెల్లగా పోయండి. నురగ లేస్తుంది కాబట్టి మొదట ముప్పావు వంతే పోసి, పొంగు తగ్గాక అంచుదాకా నింపండి. అంచుదాకా లేకపోతే మెడ దగ్గరి పట్టీ అలాగే మిగిలిపోతుంది. మూత పెట్టకూడదు. లోపల గ్యాసు పుడుతూనే ఉంటుంది. మామూలు గిన్నెలో అయితే నీళ్లు చల్లారి పని సగంలో ఆగేది, ఫ్లాస్కు కాబట్టి మూత లేకపోయినా వేడి చాలాసేపు నిలుస్తుంది. గంటలో చాలావరకు పోతుంది. ఏళ్ల నాటి పొర అయితే రాత్రంతా ఉంచండి. పారబోసినప్పుడు నీళ్లు టీ రంగులో వస్తాయి, పొర రేకులు రేకులుగా ఊడుతుంది. బ్రష్ ఒకసారి తిప్పి, మూడుసార్లు కడిగితే సరి. తడి చేత్తో పొడి పట్టుకోకండి, చర్మం మండుతుంది.

ఒక హెచ్చరిక: లోపల సిరామిక్ పూత ఉన్న మగ్గులైతే ముందు డబ్బా మీది సూచనలు చదవండి. అల్యూమినియం మగ్గుకైతే ఇది అసలు వాడొద్దు, క్షారం ఆ లోహాన్ని తినేస్తుంది.

సోడాబుడ్డి:
ఆ పొడి దొరకకపోతే వాషింగ్ సోడా కూడా నడుస్తది, కిరాణా కొట్లల్ల ఉంటది. అదే కొలత, మస్తు వేడినీళ్లు, రాత్రంతా నానాలె. నూనె పోతది గని రంగు కొంచెం మిగులుతది. మిగిలినదానికి వంటసోడా రెండు చెంచాలు, నీళ్లు ఒక చెంచా కలిపి ముద్ద చేసి, గరిటె కాడకు మెత్తటి గుడ్డ చుట్టి, దాంతోని లోపల రుద్దుర్రి. వంటసోడా మెత్తది, స్టీలుకు గీత పడనియ్యది.

బ్లీచింగ్ పౌడరు, బాత్రూం యాసిడ్ జోలికి మాత్రం పోవద్దు. క్లోరిన్ స్టీలుకు సన్నని గుంటలు పెడ్తది. ఆ రెండు ఒకదాంట్ల ఒకటి కలిస్తే విషవాయువే.

మూతలమేస్త్రి:
అందరూ ఫ్లాస్కు లోపలే చూస్తున్నారు, వాసన ఉండేది మూతలో. దాసు గారూ, మూత తిప్పి చూడండి. అంచున ఒక సిలికాన్ వాషరు ఉంటుంది. నొక్కితే తెరుచుకునే రకమైతే మధ్యలో ఇంకోటి చిన్నది కూడా. చెక్క టూత్‌పిక్‌తో ఒక చోట లేపి, వేలితో లాగండి. పిన్నీసు, చాకు వద్దు, వాషరుకు సన్న గాటు పడినా కాఫీ బ్యాగులో కారుతుంది. వాషరు తీశాక ఆ గాడిలో నల్లటి జిగురు కనిపిస్తుంది. పాలు, నూనె, చక్కెర కలిసి పులిసినది అదే. రోజూ కడిగే సబ్బు అక్కడిదాకా వెళ్లదు.

వాషర్లను, విడివిడిగా వచ్చే మూత భాగాలను గోరువెచ్చటి పెర్‌కార్బొనేట్ నీళ్లలో అరగంట వేసి, పాత టూత్‌బ్రష్‌తో గాడి తోమండి. సిలికాన్ నూనెను పీల్చుకుంటుంది కాబట్టి వాసన ఒక్కపూటలో పోదు. కడిగాక మూతకు పెట్టకుండా, పొడి చోట ఒకటి రెండు రోజులు విడిగా ఆరనివ్వండి. అప్పటికీ పోకపోతే వాషరు మార్చడమే, చాలా కంపెనీలు విడిగా అమ్ముతాయి.

తిరిగి పెట్టేటప్పుడు పెదవిలా ముందుకు వచ్చిన అంచు ఏ వైపు ఉండేదో చూసుకోండి, తీసే ముందే ఫోన్‌లో ఒక ఫోటో తీసి ఉంచుకుంటే నయం. తిరగేసి పెడితే మూత బిగుసుకున్నట్టే ఉంటుంది, కారుతుంది. వేడినీళ్లు పోసి, మూసి, టిష్యూ కాగితం మీద ఒక నిమిషం తలకిందులుగా నిలబెట్టి చూడండి.

డికాషన్‌దాసు:
గిన్నెలగోల గారూ, పెర్‌కార్బొనేట్ రాత్రంతా ఉంచాను. గోధుమరంగు మొత్తం ఊడింది, థాంక్స్. కానీ అడుగున ఇప్పుడు తెల్లటి మచ్చలు కనిపిస్తున్నాయి, వేలు పెడితే గరుగ్గా ఉంది. ఒక చోట ఇంద్రధనుస్సు రంగులు కూడా. స్టీలు పాడైందా?

పాలకేంద్రం:
పాడవలేదు. ఇన్నాళ్లూ మరక కింద దాక్కున్నది బయటపడింది. బోరు నీళ్లలోని కాల్షియం, పాలలోని కాల్షియం ఫాస్ఫేట్ కలిసి గట్టిపడిన పొర అది. డెయిరీల్లో మిల్క్‌స్టోన్ అంటారు. క్షారానికి అది లొంగదు, ఆమ్లమే కావాలి. కిరాణా కొట్లో నిమ్మఉప్పు అడగండి, అదే సిట్రిక్ యాసిడ్. అర లీటరు వేడినీళ్లలో అర టేబుల్ స్పూను వేసి, మూత లేకుండా గంట ఉంచి, బ్రష్ తిప్పి కడిగేయండి. ఆ ఇంద్రధనుస్సు రంగులు సన్నటి ఖనిజాల పొర వల్ల వస్తాయి, ఇదే దెబ్బకు పోతాయి, పోకపోయినా హానేమీ లేదు.

వరస ముఖ్యం. ముందు క్షారం, మధ్యలో బాగా కడగడం, తర్వాత ఆమ్లం. డెయిరీల్లో పాల గొట్టాలు శుభ్రం చేసేదీ ఇదే వరసలో. తిరగేస్తే పైనున్న కొవ్వు ఆమ్లాన్ని లోపలికి వెళ్లనివ్వదు. రెండూ ఒకేసారి పోస్తే మీ వెనిగర్, వంటసోడా కథే మళ్లీ.

ఇంకో మాట, మరకకు సంబంధం లేకపోయినా చెప్పాలి. పాలు కలిపిన కాఫీ ఫ్లాస్కులో సాయంత్రం దాకా ఉంచకండి. వేడి 60 డిగ్రీల కిందికి దిగాక గోరువెచ్చటి పాలలో సూక్ష్మజీవులు పెరగడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. డికాషన్ ఒకదాంట్లో, పాలు విడిగా తీసుకెళ్లి అక్కడే వేడి చేసుకుంటే కడగడమూ తేలికవుతుంది.

అమ్మమ్మఫ్లాస్కు:
ఇళ్లలో ఇంకా గాజు రీఫిల్ ఫ్లాస్కులు వాడేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇది చదవండి. చల్లగా ఉన్న గాజులో ఒక్కసారిగా మరిగే నీళ్లు పోయకూడదు, ముందు గోరువెచ్చటి నీళ్లతో ఓసారి కడిగి, తర్వాత వేడివి. తీగ బయటికి వచ్చిన బ్రష్ లోపల పెట్టకండి. గుప్పెడు బియ్యం, సగం దాకా గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి గుండ్రంగా తిప్పండి, పైకీ కిందికీ కుదపొద్దు. రాళ్ల ఉప్పు, గులకరాళ్లు వాడమని చెప్పేవాళ్లు ఉంటారు, ఒక్క గీత పడితే తర్వాతెప్పుడో వేడికి ఫట్‌మని పగులుతుంది. పెర్‌కార్బొనేట్ గాజుకూ పనికొస్తుంది. ఫ్లాస్కు మొత్తాన్ని నీళ్లలో ముంచకండి. రీఫిల్‌కూ పైతొడుగుకూ మధ్య నీళ్లు చేరితే ఆరవు.

డికాషన్‌దాసు:
నిమ్మఉప్పుతో తెల్లమచ్చలు పోయాయి. మూతలోని గాడి సంగతి నిజమే, చూశాక ఆ పూట కాఫీ తాగబుద్ధి కాలేదు. చివరి ప్రశ్న: మిగిలిన పెర్‌కార్బొనేట్ నీళ్లు దాచుకుని, కాఫీ ఫిల్టర్ అందులో వేయొచ్చా?

గిన్నెలగోల:
దాచొద్దు. కొన్ని గంటల్లో ఆక్సిజన్ పోయి ఉత్త సోడా నీళ్లు మిగులుతాయి. మూసిన సీసాలో పెడితే ఉబ్బుతుంది కూడా. పొడినే తేమ తగలకుండా ఉంచుకోండి. పని చేస్తుందో లేదో అనుమానం వస్తే చిటికెడు వేడినీళ్లలో వేయండి, సన్న బుడగలు రాకపోతే పని అయిపోయినట్టే.

స్టీలు ఫిల్టర్ అయితే తాజాగా కలిపిన నీళ్లలో పై గిన్నెను గంట ముంచండి. తర్వాత ట్యూబులైటు వైపు పట్టుకుని చూస్తే మూసుకున్న రంధ్రాలు తెలిసిపోతాయి. గ్యాసు మంట మీద కాల్చి తెరిచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. రంధ్రాలు తెరుచుకుంటాయి గానీ అడుగు నీలంగా మారి, పలుచటి రేకైతే వంకర పోతుంది, తర్వాత కాఫీ పొడి సమంగా కూర్చోదు. ఇత్తడి ఫిల్టర్ మాత్రం పెర్‌కార్బొనేట్‌లో వేయకండి, రంగు మారుతుంది. దానికి మరిగిన నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.