పాత స్టార్ ట్రెక్: ఒక ఎపిసోడ్ అదుర్స్, ఇంకోటి తలనొప్పి. మీకూ అంతేనా?

కోఠి_కుర్రాడు
1966లో మొదలైన ఒరిజినల్ స్టార్ ట్రెక్, అదే అంతరిక్ష ఓడలో తిరిగేవాళ్ల అమెరికన్ టీవీ సీరియల్, వరుసగా చూస్తున్నా. ఇప్పుడే మూడో సీజన్‌లో అడుగుపెట్టా. రెండో సీజన్‌లో 'ద ట్రబుల్ విత్ ట్రిబుల్స్' చూసి కడుపుబ్బ నవ్వా. మూడో సీజన్ మొదటి ఎపిసోడ్ 'స్పాక్స్ బ్రెయిన్'కీ నవ్వా, కానీ అక్కడ నవ్వించాలని వాళ్లు తీసినట్టు లేదు. ఎవరో అమ్మాయి వచ్చి ఓడలో కెప్టెన్ తర్వాతివాడైన స్పాక్ మెదడు ఎత్తుకుపోతుంది, మనవాళ్లు మెదడు లేని స్పాక్‌ని రిమోట్ నొక్కి నడిపించుకుంటూ వెతకడానికి పోతారు. ఏంటిది? నటులు వాళ్లే, ఓడ అదే. మధ్యలో ఏమైంది? మిగతావి చూడాలా, వదిలేయాలా? పాతకాపులు చెప్పండి.

పాతటీవీ
80ల్లో ఇది దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున వచ్చేది బాబూ. ఏ సీజనో, ఎవరు రాశారో మాకేం తెలుసు? ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. ఉన్నదొక్క చానెల్ కాబట్టి బాగుందా లేదా అనే చర్చే లేదు, వచ్చింది చూడ్డమే. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా మర్చిపోనిది 'ఎ పీస్ ఆఫ్ ది యాక్షన్'. వందేళ్ల కిందట ఒక గ్రహానికి వెళ్లిన ఓడవాళ్లు షికాగో గూండాల మీద ఒక పుస్తకం వదిలేసి వస్తారు. అక్కడి జనం దాన్నే వేదంలా పట్టుకుని గ్రహమంతా గూండా ముఠాలుగా చీలిపోతారు. కెప్టెన్ కిర్క్, స్పాక్ చారల సూట్లేసుకుని దిగుతారు. అంత పెద్ద అంతరిక్ష ఓడని నడిపే కెప్టెన్‌కి కారు క్లచ్ తొక్కడం రాదు! దానికి ఇంగ్లీషు రానక్కర్లేదు.

సీరియల్_రైటర్
నేను టీవీ సీరియళ్లకు డైలాగులు రాస్తాను కాబట్టి ఈ విషయం మీద కాస్త ఎక్కువే చెప్తా, భరించండి.

కుర్రాడు గారూ, మీరు నవ్విన ఎపిసోడ్లలో చాలావాటి వెనక ఉన్నది జీన్ ఎల్. కూన్. మొదటి సీజన్ మధ్యలో నిర్మాతగా వచ్చాడు. రాడెన్‌బెర్రీ ఈ లోకాన్ని పుట్టించాడు, నిజమే. కానీ మనవాళ్ల శత్రుజాతి క్లింగాన్లు కూన్ రాసిన కథతో వచ్చారు. కిర్క్, స్పాక్, డాక్టర్ మెకాయ్ మధ్య ఆ ఎత్తిపొడుపులు కూడా ఆయన ఉన్నప్పుడే పదునెక్కాయి. ట్రిబుల్స్ కథ రాసిన డేవిడ్ గెరాల్డ్‌కి అప్పుడు 23 ఏళ్లు, టీవీకి అమ్మిన మొదటి కథ అదే. ఒక కొత్త కుర్రాడి కథను నమ్మి తీయడం మా ఫీల్డులో ఎంత అరుదో నాకు తెలుసు.

ఆ ఎపిసోడ్‌లో బార్ గొడవ తర్వాత సీన్ గుర్తు తెచ్చుకోండి. కొట్లాట ఎవరు మొదలుపెట్టారని కిర్క్ నిలదీస్తాడు. ఒక క్లింగాన్ వాడు కిర్క్‌ని నానా మాటలన్నా ఓడ ఇంజనీర్ స్కాటీ ఊరుకున్నాడు, పైగా పక్కవాడిని కూడా ఆపాడు. వాడు ఓడను చెత్త అన్నాడు, అప్పుడు కొట్టాడు స్కాటీ. "అంటే నన్ను అన్నందుకు కాదా?" అన్నట్టు కిర్క్ మొహం పెడతాడు చూడండి! అక్కడ ఎవరూ జోక్ వేయలేదు. స్కాటీ నిజమే చెప్తున్నాడు, వాడికి ఓడే ప్రాణం. మనుషులు తెలిసినవాళ్లకే ఆ నవ్వు పుడుతుంది, కొత్తవాళ్లకి అర్థం కాదు. పైగా ఆ ట్రిబుల్స్ అనే బొచ్చు ఉండల్లాంటి జంతువుల కింద గట్టి కథ ఉంది. ధాన్యంలో విషం కలిపిన సంగతి ట్రిబుల్స్ చచ్చిపడితేనే బయటపడుతుంది, మనిషి వేషంలో ఉన్న గూఢచారీ వాటి వల్లే దొరుకుతాడు. నవ్వు తీసేస్తే కథ నిలబడదు, కథ తీసేస్తే నవ్వూ ఉండదు.

అట్లాంటా_అమ్మాయి
రైటర్ గారు చెప్పింది ఒప్పుకుంటా. కానీ ఈ సీరియల్‌కి మొదటి సీజన్ నుంచే ఒక రోగం ఉంది: చివర్లో అందరూ ఓడ బ్రిడ్జి మీద, అంటే ఓడని నడిపే గదిలో, నిలబడి నవ్వాలి. 'ద గెలీలియో సెవెన్'లో చిన్న షటిల్‌లో ఏడుగురు వెళ్తే ఇద్దరు చచ్చిపోతారు. ఆఖర్న కిర్క్ స్పాక్‌ని "నువ్వు మొండివాడివి" అని ఒప్పించగానే ఓడంతా పగలబడి నవ్వుతుంది. శవాలు అక్కడే ఉన్నాయి కదయ్యా!

'ది ఎనిమీ విదిన్' ఇంకా ఘోరం. కిర్క్ మంచి, చెడు రెండుగా చీలిపోతాడు, ఆ దుర్మార్గపు సగం ఓడలో పనిచేసే యోమన్ రాండ్ అనే అమ్మాయి మీద దాడి చేస్తుంది. చివర్లో స్పాక్ ఆ అమ్మాయితోనే దాని గురించి వెకిలిగా ఓ మాటంటాడు. పాత్రకీ నప్పలేదు, సందర్భానికీ నప్పలేదు. 1966 కదా అని సర్దుకుపోదామన్నా నావల్ల కాలేదు. అంతకుముందు దాకా కిర్క్ వేషం వేసిన షాట్నర్ రెండు కిర్క్‌లనీ ఎంత బాగా చేశాడో, ఆ ఒక్క మాటతో అంత చిరాకు.

ఎర్రచొక్కా
(ఈ సీరియల్‌లో ఎర్రచొక్కా వేసుకున్న చిన్న పాత్రలే ముందు చస్తారు కదా, నా పేరు చూసి మూడో సీన్‌లోనే పోతాననుకోకండి.)

అందరూ మూడో సీజన్‌నే తిడతారు గానీ ఆ పరిస్థితి కూడా చూడాలి. రెండో సీజన్‌తో ఆపేస్తారేమోనని అభిమానులు దీన్ని వేసే ఎన్‌బీసీ చానెల్‌కి గుట్టలకొద్దీ ఉత్తరాలు రాసి బతికించుకున్నారు. చానెల్ బతికించింది, కానీ శుక్రవారం రాత్రి 10 గంటలకు తోసేసింది. దీన్ని చూసేదే కాలేజీ పిల్లలు, ఆ టైమ్‌కి వాళ్లు ఇంట్లో ఉంటారా? రాడెన్‌బెర్రీ అలిగి రోజువారీ పని వదిలేశాడు. కూన్ అప్పటికే వెళ్లిపోయాడు. కథలు చూసుకునే డి.సి. ఫాంటానా కూడా ఆ ఉద్యోగం మానేసింది. బడ్జెట్ కోసేశారు. కొత్త నిర్మాత ఫ్రెడ్ ఫ్రైబర్గర్ చేతికి వచ్చింది ఖాళీ గిన్నె.

అయినా డబ్బు లేకపోవడమే కొన్నిటికి కలిసొచ్చింది. 'స్పెక్టర్ ఆఫ్ ద గన్' చూడండి. పాత అమెరికా పల్లె సెట్ మొత్తం కట్టలేక ముందు గోడలు మాత్రమే నిలబెట్టి వెనక ఎర్రటి ఆకాశం పెట్టారు. కిర్క్ మనసులోంచి తీసుకున్న ఊరు కాబట్టే అలా సగం సగంగా ఉందని కథలోనే సర్దేశారు. నాకైతే పూర్తి సెట్ కన్నా అదే భయంగా అనిపించింది. 'ది ఎంపాత్' కూడా అంతే, చాలా భాగం నల్లటి ఖాళీలో నడుస్తుంది.

ఇక రైటర్ అన్నా, మీ కూన్ గురించి ఒక మాట. 'స్పాక్స్ బ్రెయిన్' రాసిందీ ఆయనే! లీ క్రోనిన్ అనే మారుపేరుతో. ఇప్పుడేమంటారు?

సీరియల్_రైటర్
ఆ పేరు తీస్తారని ఎదురుచూస్తూనే ఉన్నా 😄

నా అభిప్రాయం: అది కాగితం మీద సగం హాస్యమే. "మెదడా? మెదడంటే ఏంటి?" అని ఆ అమ్మాయి అరిచే మాట సీరియస్‌గా ఎవరు రాస్తారు? ఆపరేషన్ మధ్యలో మెకాయ్‌కి విద్య మర్చిపోవడం, మాట వచ్చిన స్పాక్ బల్ల మీద పడుకునే తన ఆపరేషన్ తనే చెప్పి చేయించుకోవడం, చివర్న "వీడికి నోరు కలపకుండా ఉండాల్సింది" అని డాక్టర్ ఏడవడం, ఇదంతా కూన్ చేతివాటమే. కానీ సెట్‌లో దీన్ని గంభీరమైన కథలా తీశారు. ట్రిబుల్స్‌లో నటులకి తాము కామెడీలో ఉన్నామని తెలుసు, అయినా నిజాయితీగా చేశారు. ఇక్కడ ఆ సంగతి ఎవరికీ చెప్పినట్టు లేదు. రాసినవాడు పక్కన లేకపోతే మా సీరియళ్లలోనూ ఇదే జరుగుతుంది. వెటకారంగా రాసిన లైన్‌కి వెనక వీణ వాయించేస్తారు.

ఎర్రచొక్కా
వీణ మాట బాగుంది. కానీ కూన్ కదా అని వెనకేసుకొస్తున్నారు. ఫ్రైబర్గర్ రాసి ఉంటే ఇంత జాలి చూపించేవాళ్లా?

సీరియల్_రైటర్
చూపించను.

కోఠి_కుర్రాడు
సరే, నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. మిగతావాటిలో ఏవి చూడాలి? 'ద వే టు ఈడెన్' అనేదాన్ని అందరూ తిడుతున్నారే?

ఎర్రచొక్కా
అంతరిక్ష హిప్పీలు, పాటలు. మొదటి కథ ఫాంటానాది. దాన్ని మార్చిన తీరు నచ్చక తన పేరు తీసేసి మారుపేరు వేయించుకుంది. ఆ ఒక్క విషయంతోనే అర్థం చేసుకో బ్రో. 'అండ్ ద చిల్డ్రన్ షల్ లీడ్' కూడా వదిలెయ్. 'ది ఎంటర్‌ప్రైజ్ ఇన్సిడెంట్', 'ద థోలియన్ వెబ్', 'ఆల్ అవర్ యెస్టర్‌డేస్' మాత్రం వదలకు. ఈ మూడూ మూడో సీజనే.

పాతటీవీ
నేనైతే హిప్పీలది కూడా చూడమంటా. స్పాక్ వాళ్లతో కూర్చుని వీణలాంటిది వాయిస్తాడు. బాగుండి చూడ్డం వేరు, బాగోకపోయినా చూడ్డం వేరు.

అట్లాంటా_అమ్మాయి
'డే ఆఫ్ ద డవ్' ఎవరూ చెప్పలేదేంటి? పగ, కోపం తిని బతికే ఏదో ప్రాణి ఓడలో చేరి మనవాళ్లకీ క్లింగాన్లకీ కత్తియుద్ధాలు పెట్టిస్తుంది. దాన్ని వెళ్లగొట్టే దారి ఒక్కటే, నవ్వడం. కిర్క్, క్లింగాన్ కెప్టెన్ కాంగ్ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి అసహ్యం, అయినా బలవంతంగా నవ్వాలి. కాంగ్ కిర్క్ వీపు మీద చరిచే చరుపు చూడండి, సగం స్నేహం, సగం నిజంగానే కొట్టాడు. ఆఖరి నవ్వు కథకి నిజంగా అవసరమైన ఎపిసోడ్ నాకు తెలిసి ఇదే.

కోఠి_కుర్రాడు
ఇవాళ రాత్రికి అదే పెడుతున్నా. ఈడెన్ సంగతి ఆదివారం చూద్దాం, పాతటీవీ గారి మాట మీద.

ఎర్రచొక్కా
చూశాక వచ్చి మమ్మల్ని తిట్టకు, ఆయన్నే తిట్టు.