ఒంటరితనంలోంచి బయటికొచ్చాక ఆన్‌లైన్ ధ్యాన కూటం మళ్లీ నడపాలా, ఆదివారం చర్చికి పోతే చాలదా?

సాయంకాల_ధ్యానం (హన్మకొండ):
అందరికీ వందనాలు. 2020 మార్చి నెలాఖరులో లాక్‌డౌన్ పెట్టి చర్చిలు మూసినప్పుడు జూమ్‌లో చిన్న ధ్యాన కూటం మొదలుపెట్టాం. ప్రసంగం ఉండదు. బైబిల్లోంచి ఒక కీర్తన తీసుకుని నిదానంగా మూడుసార్లు చదువుతాం, మధ్యలో మౌనంగా కూర్చుంటాం. ఏ మాట మనసుకు తగిలిందో చెప్పాలనుకున్నవాళ్లు చెప్తారు, తర్వాత ప్రార్థన. డబ్బు కట్టకపోతే నలభై నిమిషాలకు కట్ అవుతుంది, అందుకే ఆ లోపే ముగించేవాళ్లం. భూపాలపల్లి, జగిత్యాల నుంచి, గల్ఫ్ నుంచి కూడా వచ్చేవాళ్లు.

తర్వాత మా నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆయన్ను చూసుకుంటూ మెల్లగా అందరికీ దూరమయ్యాను. కూటం ఆగింది. ఫోన్ ఎత్తడం, చర్చికి పోవడం కూడా ఆగిపోయాయి. నాన్న పోయాక కూడా చాలాకాలం అట్లనే ఉన్నాను. ఈ మధ్యే మళ్లీ మనుషుల్లోకి వచ్చి పాతవాళ్లకు మెసేజ్ పెట్టాను. అందరూ వచ్చారు, కూటం నడుస్తోంది. మా చర్చి పెద్దలేమో "గుడి తెరిచి ఇన్నేళ్లయింది, ఇంకా ఫోన్‌లో ఏం ప్రార్థన, అది ఆపేసి ఆదివారం రా" అంటున్నారు. ఆదివారం పోతూనే ఉన్నాను. కూటం ఆపడానికి మాత్రం మనసు రావడం లేదు. మీరేమంటారు?

సంఘపెద్ద_62 (హన్మకొండ):
తమ్ముడూ, నువ్వు తిరిగొచ్చినందుకు దేవునికి స్తోత్రం. నేను మీ సంఘం వాణ్ని కాదు, అయినా మీ పెద్దలు చెప్పిందే సరి. బైబిల్లో హెబ్రీ పత్రిక 10:25 తీసి చూడు. సమాజంగా కూడటం మానొద్దని రాసి ఉంది. 2020 జూన్ 8 నుంచే మందిరాలు తెరవడానికి అనుమతి ఇచ్చారు. ఫోన్ కూటానికి ఉన్న కారణం ఆ రోజుతోనే తీరిపోయింది. మా తాతలది డోర్నకల్ పక్క ఊరు. 1912లో అజరయ్య గారు అక్కడ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన కాలంలో ఉపదేశకులు పల్లెల్లో కాపురాలుండి, జనం మధ్య బతికి సంఘాలు కట్టారు. మనిషి మనిషి దగ్గరికి పోతేనే సంఘం.

భూపాలపల్లి_సింగరేణి:
ఆమెన్ పెద్దన్నా. కానీ 2021 మే 12న మళ్లీ లాక్‌డౌన్ వచ్చింది కదా. జూన్ 8తో ఏదీ తీరలేదు.

వడ్డేపల్లి_అక్క:
ఈ కూటంలో నేను మొదటి నుంచీ ఉన్నాను. అన్నయ్యా, అదే వచనంలో ఒకరినొకరు హెచ్చరించుకోవాలని కూడా ఉంది. నాలుగు గోడల మధ్యే అని ఎక్కడుంది? పౌలు ఫిలిప్పీయులకు సంకెళ్లలో ఉండే రాశాడు. యోహాను పత్మోసు ద్వీపంలో ఒంటరిగా ఉండి ఏడు సంఘాలకు రాశాడు. ఆ ఉత్తరాలు పరిచర్య కాదా?

సంఘపెద్ద_62:
అదే యోహాను రెండో పత్రిక 12వ వచనంలో ఏమన్నాడు? కాగితంతో, సిరాతో చెప్పడం ఇష్టం లేదు, ముఖాముఖిగా మాట్లాడతానన్నాడు. పౌలు కూడా థెస్సలొనీకయుల ముఖం చూడాలని రాత్రింబగళ్లు వేడుకున్నాడు. ఉత్తరం రాలేనివాళ్ల కోసం. మీ ఇంటి నుంచి మీ చర్చి ఎంత దూరం చెల్లెమ్మా?

జగిత్యాల_తమ్ముడు (సౌదీ):
వందనాలు అన్నా. నేను రాలేనివాణ్నే. ఈ దేశంలో చర్చి కట్టడానికే అనుమతి లేదు. క్యాంపులో గదికి ఆరుగురం, నేనొక్కణ్నే క్రైస్తవుణ్ని. డ్యూటీ దిగి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంటాను. నాకున్న సంఘం అదే. కూటం ఆగిపోయినప్పుడు నేను ఎవరితోనూ కలిసి ప్రార్థన చేయలేదు.

సంఘపెద్ద_62:
నీ సంగతి వేరు తమ్ముడూ. నీకు తప్పదు. హన్మకొండలో కూర్చున్నవాళ్ల గురించి అడుగుతున్నాను.

కాజీపేట_విచారణ:
మేము కథోలికులం, ఫాతిమా నగర్ కేథడ్రల్‌కు పోతాం. ఏకాంతం తప్పేమీ కాదని ముందుగా చెప్పాలి. ఐగుప్తులో (ఈజిప్టులో) పునీత అంతోని పాడుబడ్డ కోటలో దాదాపు 20 ఏళ్లు ఒంటరిగా ఉండి బయటికొచ్చాక ఎంతోమందికి ఆధ్యాత్మిక తండ్రి అయ్యాడు. సాయంకాలం తమ్ముడు ఇన్నాళ్లు ఎక్కడున్నావని ఎవరూ నిలదీయొద్దు. అయితే 2002లో వాటికన్ ఇంటర్నెట్ గురించి ఒక పత్రం ఇచ్చింది. ఇంటర్నెట్‌లో సంస్కారాలు (జ్ఞానస్నానం, ప్రభువు భోజనం లాంటి పవిత్ర కార్యాలు) ఉండవని అందులో తేల్చి చెప్పారు. అందుకే ఒకటే అడుగుతున్నాను. మీ కూటంలో రొట్టె, రసం తీసుకున్నారా?

సాయంకాల_ధ్యానం:
ఒకే ఒక్కసారి. 2020 ఏప్రిల్ 9, ఈస్టర్ ముందు గురువారం. చర్చిలన్నీ మూసి ఉన్నాయి. ఎవరి ఇంట్లో వాళ్లు రొట్టె పెట్టుకుని, ప్రభువు రాత్రి భోజనం గురించి చదివి తిన్నాం.

కాజీపేట_విచారణ:
ఎవరు ఆశీర్వదించారు?

సాయంకాల_ధ్యానం:
ఎవరూ లేదు. చదివి, ప్రార్థన చేసి తిన్నాం. అది సంస్కారమని మేము అనుకోలేదు.

సంఘపెద్ద_62:
అదే నేను చెప్పేది! అభిషేకం పొందిన అయ్యగారు (పాస్టర్) లేకుండా ప్రభువు బల్ల పెట్టారు. ఇట్లనే మొదలై చివరికి ఎవరిష్టం వాళ్లదవుతుంది.

కాజీపేట_విచారణ:
సంస్కారం అనుకోకపోతే ఆ రోజే, ఆ వాక్యమే ఎందుకు చదివారు? సూటిగా చెప్పండి తమ్ముడూ.

భూపాలపల్లి_సింగరేణి:
ఇంట్లో ఆకలైతే రొట్టె తినరా సార్? ఆ ఒక్క రాత్రిని వదిలి అసలు ప్రశ్నకు రండి.

కాజీపేట_విచారణ:
అసలు ప్రశ్న ఇదే. ధ్యానం చేసుకోండి, మంచిదే, నేనూ వస్తాను. దివ్యసత్ప్రసాదం, అంటే ప్రభువు భోజనం, దాని జోలికి మాత్రం పోవద్దు. 2023లో వచ్చిన వాటికన్ పత్రంలో కూడా తెర మీద భోజనం పంచుకోలేమన్నారు.

వడ్డేపల్లి_అక్క:
ఒక్క రాత్రి తిన్న రొట్టె చుట్టూనే తిరుగుతున్నారు. మిగతా రోజుల్లో ఏం జరిగిందో ఒక్కరూ అడగలేదు.

సంఘపెద్ద_62:
ఏం జరిగింది? ఇంట్లో కూర్చుని వీలైనప్పుడు లింకు నొక్కడం, కెమెరా ఆపుకోవడం, నచ్చకపోతే వెళ్లిపోవడం. కానుక లేదు, క్రమశిక్షణ లేదు, కాపరి లేడు. అసలు ఈ కూటాలు నడపడానికి మీకు అధికారం ఎవరిచ్చారు?

వడ్డేపల్లి_అక్క:
ఇప్పుడు అసలు మాట అన్నారు. అధికారం.

పెళ్లయి వచ్చినప్పటి నుంచి మా చర్చిలో చాపలు పరిచాను, ఊడ్చాను, ప్రతి క్రిస్మస్‌కు వంట చేశాను. ఒక్క ఆదివారమైనా "అమ్మా, వాక్యం చదువు" అన్నవాళ్లు లేరు. ఈ కూటంలో తమ్ముడు "అక్కా, ఈ రోజు కీర్తన మీరు నడపండి" అన్నాడు. 88వ కీర్తన తీసుకున్నాను. చీకటితో ముగిసే కీర్తన అది, మా చర్చిలో ఎవరూ చదవగా నేను వినలేదు. ఆ రోజు నా కడుపులో పోయిన బిడ్డ గురించి మొదటిసారి నోరు విప్పాను. అందరూ విన్నారు. మధ్యలో ఎవరూ నీతి చెప్పలేదు. మీరు కూటం ఆపేసి చర్చికి రమ్మంటే, నన్ను మళ్లీ నోరు మూసుకుని చాప మీద కూర్చోమన్నట్టే.

కరీంనగర్_చెల్లి:
అక్కా, నాకూ అదే. మా దగ్గర ఆడవాళ్లు స్త్రీల కూటంలోనే మాట్లాడాలి, అది కూడా పాస్టరమ్మ గారు చెప్తేనే.

సంఘపెద్ద_62:
నేను ఆడవాళ్ల గురించి ఒక్క మాటైనా అన్నానా? నా మాటను ఎక్కడికో తీసుకుపోకండి.

2021 మేలో నా భార్య కోవిడ్‌తో పోయింది. ఆమె కూడా ఏవో ఆన్‌లైన్ ప్రార్థన గ్రూపుల్లో ఉండేది. ఆ గ్రూపుల నుంచి చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి, ఇప్పటికీ ఫోన్‌లో ఉన్నాయి. ఆమెను మోసింది మాత్రం మా సంఘం పిల్లలు నలుగురు, పీపీఈ కిట్లు తొడుక్కుని, వాళ్ల అమ్మానాన్నలు వద్దంటున్నా వచ్చారు. బంధువులు కూడా గేటు దాటి రాలేదు. సమాధి దగ్గర మా అయ్యగారు దూరంగా నిలబడి ప్రార్థన చేశారు, కానీ నిలబడ్డారు. అందుకే సంఘం అంటే ఏంటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కూటం నడిపే ఒక్క మనిషి ఇంట్లో కష్టమొస్తే మొత్తం ఆగిపోయింది. జగిత్యాల తమ్ముడు సౌదీలో ఒంటరి అయ్యాడు. అక్కడ ఎవరు మోస్తారు, చెప్పండి.

వడ్డేపల్లి_అక్క:
అన్నయ్యా, వదినగారి సంగతి నాకు తెలియదు. మనసు కలుక్కుమంది. ఆ నలుగురు పిల్లల్ని దేవుడు దీవించాలి.

అయినా నా మాట నిలబడే ఉంది. చచ్చాక మోసేవాళ్లు కావాలి, నిజమే. బతికున్నప్పుడు నా మాట వినేవాళ్లు కూడా కావాలి. నాకు ఆ రెండూ ఒకేచోట దొరకలేదు.

సాయంకాల_ధ్యానం:
పెద్దన్నా, ఒక్క మనిషి మీద ఆధారపడి ఆగిపోయిందన్నది న్యాయమైన మాట. అందుకే ఈసారి లింకు నా ఒక్కడి చేతిలో లేదు. అక్క దగ్గర, భూపాలపల్లి అన్న దగ్గర కూడా ఉంది. ఎవరైనా రెండుసార్లు కనబడకపోతే ఫోన్ చేయాలని, దగ్గరి ఊరైతే ఇంటికి పోవాలని అనుకున్నాం. మొన్న భూపాలపల్లి అన్న పరకాలలో ఒకాయన ఇంటికి పోయి కూర్చుని వచ్చాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. నాన్న మంచంలో ఉన్నన్నాళ్లు మా చర్చి నుంచి కూడా ఎవరూ రాలేదు. చర్చిలో ఉంటే తప్పకుండా ఎవరో ఒకరు వస్తారన్నది అందరి విషయంలో నిజం కాదు.

సంఘపెద్ద_62:
రాకపోవడం తప్పే. నేను మీ పెద్దల తరఫున మాట్లాడను. ఇంటికి పోయే పని మీరు నిజంగా చేస్తే నా అభ్యంతరం సగం పోతుంది. మిగతా సగం పోదు.

కాజీపేట_విచారణ:
రొట్టె విషయం మాత్రం రాసిపెట్టుకోండి.

కరీంనగర్_చెల్లి:
పెద్దన్నా, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం)లో 2013లోనే నంద్యాల డయోసిస్‌కు పుష్ప లలిత గారు బిషప్ అయ్యారు. ఆడమనిషి బిషప్ కాగలిగినప్పుడు మీ సంఘంలో వడ్డేపల్లి అక్క ఒక కీర్తన చదివితే తప్పేంటి?

సంఘపెద్ద_62:
చదవడానికి నాకు అభ్యంతరం లేదు. చెల్లెమ్మా, మా సంఘానికి ఒక ఆదివారం రండి. బయటి సంఘం వాళ్లు వేదిక మీద చదవాలంటే కమిటీ ఒప్పుకోవాలి. అడుగుతాను, మాట మాత్రం ఇవ్వలేను.

వడ్డేపల్లి_అక్క:
వస్తాను. 88వ కీర్తన అని కూడా వాళ్లకు చెప్పండి. మీ కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది?

సంఘపెద్ద_62:
నెల మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక.

జగిత్యాల_తమ్ముడు (సౌదీ):
అక్కా, ఈ రోజు కూటం తొమ్మిదిన్నరకు పెట్టండి. మాకు ఏడవుతుంది, అప్పటికి డ్యూటీ దిగుతాను.