పది నెలల కాంట్రాక్టుతో రష్యా, యూరప్ పాఠాలు చెప్పించగలమా?

బళ్లారి రోడ్డు (అనంతపురం)
మా వైపు ఒక యూనివర్సిటీలో ఎంఏ హిస్టరీ, పొలిటికల్ సైన్స్ పిల్లల కోసం యూరప్ అధ్యయనాలు, రష్యా అధ్యయనాలు అని రెండు పేపర్లు పెట్టాలని మాట్లాడుకుంటున్నారు. పేపర్లు రావడం నాకు సంతోషమే. అవి చెప్పేవాళ్లను తీసుకునే పద్ధతి గురించే నా గొడవంతా. ఇద్దరు అకడమిక్ కన్సల్టెంట్లకు, అంటే కాంట్రాక్టు అధ్యాపకులకు, జూలై మొదట్లో ఆర్డర్ ఇస్తారట, ఏప్రిల్ ఆఖరుకు ముగుస్తుందట, ఆపైన దేవుడి దయ ఉంటే రెన్యువల్. నేను వేరే సబ్జెక్టులో, వేరే చోట ఆరేళ్లు ఇట్లాగే పనిచేశాను. ఎండాకాలం జీతం ఉండదు, అద్దె మాత్రం ఉంటుంది. ఒకసారి సిలబస్‌లో ఒక యూనిట్ పాతబడిపోయింది, మారుద్దామని రాసిస్తే "వచ్చే ఏడాదికి మీరు ఉంటారో లేదో కదా, ఎందుకు సార్" అన్నారు. వాళ్లన్నది నిజమే కాబట్టి నా దగ్గర జవాబు లేకపోయింది.

రష్యా లాంటి సబ్జెక్టులో అట్లా కుదరదు. సోవియట్ యూనియన్ కూలిన 1991 వరకు రాసుకున్న నోట్సు చదివి వదిలేసే పాఠం కాదది. 2014లో క్రిమియాను రష్యా కలుపుకోవడం, 2022 ఫిబ్రవరి నుంచి ఉక్రెయిన్ యుద్ధం, మన దేశం కొనే ముడిచమురులో అంతకుముందు రెండు శాతం కూడా లేని రష్యా వాటా మూడో వంతు దాటడం, ఇవన్నీ ఏటేటా కొత్తగా చదివి చెప్పాలి. ఏప్రిల్‌లో ఇంటికి పంపించేసే మనిషి మే నెలలో దేని కోసం చదువుతాడు? మీరేమంటారు?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)
అన్నా, మీ బాధ అర్థమైంది కానీ లెక్క కూడా చూడాలి కదా. అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700. ఒక పోస్టు నింపితే ముప్పై ఏళ్లు మోయాలి. ఆ పేపరు ఏడుగురు పిల్లలు తీసుకుంటారో పదిమంది తీసుకుంటారో ఎవరికీ తెలియదు. పెనుకొండ దగ్గర కియా వచ్చింది, రేపు పిల్లలు మాకు రష్యా వద్దు, కొరియా గురించి చెప్పండి అంటే ఆ రెగ్యులర్ మనిషిని ఎక్కడ కూర్చోబెడతారు? మామూలు సబ్జెక్టుల్లోనే ఖాళీలు నింపలేక అల్లాడుతుంటే ఎంచుకుంటే చదివే పేపరుకు రెగ్యులర్ పోస్టు అడగడం న్యాయం కాదని నా అభిప్రాయం. ముందు కాంట్రాక్టుతో మొదలుపెట్టి, నాలుగేళ్లు పిల్లలు వస్తే అప్పుడు పోస్టు అడగండి. ఏదీ లేకపోవడం కంటే ఇది మేలు కాదా?

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు)
కర్నూలు సార్, నాలుగేళ్లు పిల్లలు రావాలంటే చెప్పే మనిషి నాలుగేళ్లు ఉండాలి కదప్పా. ఏడాదికొక కొత్త ముఖం వస్తే సీనియర్లు జూనియర్లకు ఆ పేపరు తీసుకోవద్దనే చెప్తారు. ఆ తర్వాత డిమాండ్ లేదని పేపరు ఎత్తేస్తారు.

ఇంకో సంగతి. రష్యన్ చదవడం రాని మాస్టారు రష్యా గురించి పాఠం చెప్తే, ఇంగ్లిష్ పత్రికలు రష్యా గురించి ఏం రాశాయో అదే చెప్తారు. భాష వచ్చినవాళ్లు మనకు ఎక్కడ దొరుకుతారు? హైదరాబాద్‌లోని విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలోనో ఢిల్లీ జేఎన్‌యూలోనో చదివినవాళ్లు దొరకాలి. ఢిల్లీలో రష్యన్ స్టడీస్ సంస్థ పెట్టింది 1965లో, జేఎన్‌యూలో కలిసింది 1969లో, అంటే అరవై ఏళ్లుగా అక్కడ మనుషులను తయారుచేస్తున్నారు. అట్లాంటి చోట పీహెచ్‌డీ చేసిన అమ్మాయి పది నెలల ఆర్డరు పట్టుకుని, ఇంటి అడ్వాన్సు కట్టి, సామాను వేసుకుని మన వైపు వస్తుందా? వచ్చినా మంచి ఉద్యోగం దొరికిన రోజున వెళ్లిపోతుంది, ఆమె తప్పేమీ లేదు.

మన సీమకు ఈ సంబంధం కొత్తదేమీ కాదు. మా జిల్లా పైడిపాలెంలో పుట్టిన విమర్శకుడు రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి) గారు మాస్కో ప్రగతి ప్రచురణాలయంలో ఏళ్ల తరబడి తెలుగు అనువాదకుడిగా పనిచేసి వచ్చారు. అనువాదం మీద ఆయన రాసిన పుస్తకానికే కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. యూరప్ నుంచి వచ్చిన బ్రౌన్ సంగతి కడపలో పిల్లలకు కూడా తెలుసు. 1820లో వచ్చాడు, బంగళా కొన్నాడు, పండితులను పెట్టుకుని తన చేతి డబ్బుతో జీతాలిచ్చి తాళపత్రాలు పరిష్కరింపజేశాడు. నెలనెలా జీతమిచ్చి కూర్చోబెట్టబట్టే ఆ పని సాగింది.

బళ్లారి రోడ్డు (అనంతపురం)
కర్నూలు తమ్ముడూ, "ఏదీ లేకపోవడం కంటే మేలు" అన్నావు. కాంట్రాక్టే వద్దని నేను అనడం లేదు, నిబంధన ప్రకారం ఇవ్వండి అంటున్నాను. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018 రెగ్యులేషన్స్ చూడు. తప్పనిసరి అయితేనే కాంట్రాక్టు, అది కూడా మొత్తం పోస్టుల్లో 10 శాతం దాటకూడదు. అర్హత, ఎంపిక రెగ్యులర్ వాళ్లకు ఉన్నట్టే ఉండాలి. జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం నెల జీతం కంటే తగ్గకూడదు. గెస్ట్ ఫ్యాకల్టీకి కూడా 2019లో లెక్చరుకు 1,500, నెలకు 50,000 దాకా అని మార్గదర్శకాలు ఇచ్చారు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది, అప్పటికి అక్కడ వాళ్లకు నెలకు 30,000 ఇస్తుండేవారు. గురువుకు బతికేంత జీతం ఇవ్వకుండా సభల్లో గురుబ్రహ్మ గురువిష్ణు అని చదివి లాభం లేదన్నది కోర్టు మాట సారాంశం. అది చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

ఇంకోటి, ఇది చాలామంది గమనించరు. 2022 పీహెచ్‌డీ రెగ్యులేషన్స్ ప్రకారం గైడుగా ఉండాలంటే శాశ్వత అధ్యాపకులే అయి ఉండాలి. ఇద్దరూ కాంట్రాక్టు వాళ్లే అయితే ఈ పేపర్లు చదివి ఇష్టపడిన పిల్లవాడు ఇక్కడ పీహెచ్‌డీ చేయలేడు. దారి ఎంఏ దగ్గరే మూసుకుపోతుంది.

ఎంఏ రెండో ఏడాది అమ్మాయి
నమస్తే అండి, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు అంతర్జాతీయ సంబంధాలు చెప్పిన మేడమ్ చాలా బాగా చెప్పేవారు, మ్యాపు గీయకుండా క్లాసు మొదలుపెట్టేవారు కాదు. ఈ ఏడాది రెన్యువల్ కాలేదు. నా ప్రాజెక్టు సగంలో ఉంది, కొత్తగా వచ్చిన సార్ ఇది నా టాపిక్ కాదన్నారు. జర్మనీలో ఒక కోర్సుకు అప్లై చేద్దామంటే రెండు సిఫారసు లేఖలు కావాలి, యూనివర్సిటీ మెయిల్ నుంచే రావాలట. మేడమ్ మెయిల్ మూసేశారు. ఇప్పుడు ఎవరిని అడగాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఎవరికి ఎంత జీతమో మాకు తెలియదు, కానీ మేము చదువు ముగించేదాకా మా టీచర్ ఉండాలి అని మాత్రం అనిపిస్తుంది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)
అమ్మా, నీ పోస్టు చదివాక నా మాట కొంచెం మార్చుకోవాలి. పది నెలలు తప్పే. మూడేళ్లకు ఒకేసారి ఆర్డరు ఇవ్వాలి, ఎండాకాలం జీతంతో సహా. అది ఒప్పుకుంటాను. రెగ్యులర్ పోస్టు ముందే కావాలన్నది మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేను.

ఒక సంగతి మీరెవరూ అనలేదు. మా అన్న కొడుకు రష్యాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. పాఠాలు ఇంగ్లిష్‌లోనే, ఆసుపత్రిలో పేషెంటు మాత్రం రష్యన్‌లోనే మాట్లాడతాడు. మొదటి రెండేళ్లు వాడు పడిన అవస్థ నేను చూశాను. మన జిల్లాల నుంచి అట్లా వెళ్లే పిల్లలున్నారు. వాళ్లకు ఆరు నెలల భాష కోర్సు చెప్పడానికి కాంట్రాక్టు మనిషి సరిపోతారు, ఫీజు కూడా వస్తుంది. ఆ ఫీజుతో అధ్యయనాల పేపరుకు కొంత ఆసరా దొరకదా?

రిటైర్డ్ లెక్చరర్ (అనంతపురం)
వేరే రంగాల్లో అనుభవం ఉన్నవాళ్లను పాఠాలకు తీసుకునే ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పద్ధతి కింద రిటైరైన రాయబారినో విదేశాంగ శాఖలో పనిచేసినవారినో పిలవొచ్చు నాయనా. దాని గడువు కూడా నాలుగేళ్లు దాటదు, బోధనా వృత్తిలోని వాళ్లకు వర్తించదు. కాబట్టి ఆ అమ్మాయి మేడమ్ లాంటివాళ్లకు ఉపయోగం లేదు, తోడుగా మాత్రం పనికొస్తుంది. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయనాల కేంద్రం ఉంది. మన సీమలోనే ఒక ప్రాంతం గురించి అట్లా నిలబెట్టగలిగారు. వాళ్లను ఒకసారి అడిగి చూడండి.

బళ్లారి రోడ్డు (అనంతపురం)
తమ్ముడూ, భాష కోర్సు ఆలోచన నాకు తట్టలేదు, బాగుంది. అయితే ఆ ఫీజును నమ్ముకుని మాత్రం జీతం కట్టొద్దు, పిల్లలు తగ్గిన ఏడాది మళ్లీ మొదటికే వస్తాం.

నేను ఒక కాగితం రాస్తున్నాను. రెండు పేపర్లకు కలిపి భాష వచ్చిన ఒక్కరికైనా రెగ్యులర్ పోస్టు అడుగుతున్నాను, తమ్ముడు ఒప్పుకోకపోయినా సరే. రెండో వారికి మూడేళ్ల ఆర్డరు, పన్నెండు నెలల జీతం, వెళ్లిపోయాక కూడా ఏడాది పాటు మెయిల్ తెరిచి ఉంచడం. ఈ చివరిది ఆ అమ్మాయి వల్ల చేర్చాను. సిలబస్ ఖాయం చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చునేలోపు హెచ్‌ఓడీ (శాఖాధిపతి) గారికి ఇవ్వాలి. ఆదివారం ఇక్కడే పెడతాను, తప్పులుంటే దిద్దండి. అమ్మా, నీ మేడమ్ ఫోన్ నంబర్ ఉంటే ఆమెనే అడుగు, సొంత మెయిల్ నుంచి లేఖ పంపితే ఒప్పుకుంటారేమో అని ఆ జర్మనీ వాళ్లకు ఈరోజే రాయి.