వయొలెట్ ఎవర్‌గార్డెన్‌ను మార్చింది ఉత్తరాలేనా?

కృష్ణాతీరం:
క్యోటో యానిమేషన్ 2018లో తీసిన ‘వయొలెట్ ఎవర్‌గార్డెన్’ సిరీస్ మీద మీ అందరితో ఒక విషయం తేల్చుకోవాలని ఉంది. కథంతా బయటపడుతుంది, చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

చూడకపోయినా పర్లేదు అనుకునేవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. వయొలెట్ సైన్యంలో పెరిగిన అనాథ పిల్ల. మనిషిగా కాదు, ఆయుధంగా వాడుకున్నారు. ఆఖరి యుద్ధంలో రెండు చేతులూ పోతే లోహపు చేతులు అమర్చారు. ఆమెను చేరదీసిన మేజర్ గిల్బర్ట్ ఆ రాత్రి ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అంటాడు. ఆ మాటకు అర్థం ఆమెకు తెలియదు. తెలుసుకుందామని లైడెన్ నగరంలో హాడ్జిన్స్ నడిపే తపాలా కంపెనీలో చేరి, మనసులో మాట కాగితం మీద పెట్టలేనివాళ్లకు ఉత్తరాలు టైప్ చేసిపెడుతుంది. ఈ పని చేసే అమ్మాయిలను ఆ లోకంలో ఆటో మెమొరీ డాల్స్ అంటారు.

‘ఉత్తరాలు రాసి రాసి ఎదుటివాళ్ల మనసు తెలుసుకుంది’ అని అందరూ అంటున్నారు. నేను ఒప్పుకోను. ఉత్తరాలు ఆమెకు పని నేర్పాయి, అంతే. మనసు కరిగింది తన దాకా వచ్చినప్పుడే. మేజర్ ఇక లేడని విని గదిలో కుమిలిపోయిన తర్వాతి వయొలెట్ వేరు, అంతకుముందు వయొలెట్ వేరు. రెండో ఎపిసోడ్ గుర్తుందా? ఒకావిడ ‘అతనంటే నాకు ఇష్టమే, కానీ తేలిగ్గా దొరికిపోయినట్టు కనబడకూడదు’ అంటుంది. ఈ పిల్ల ముఖం మీద కొట్టినట్టు రాసి పంపితే ఆవిడ కోపంతో ఊగిపోతూ తిరిగొచ్చింది. ఎన్ని ఉత్తరాలు రాస్తే మాత్రం అలాంటి మనిషికి మనసు వస్తుంది?

మల్లెతీగ:
కృష్ణాతీరం గారూ, ఎపిసోడ్ల వరస ఒకసారి చూడండి. మీ వాదన అక్కడే నిలవదు.

ఏడో ఎపిసోడ్‌లో ఆస్కార్ అనే నాటక రచయిత ఇంటికి వెళ్తుంది. కూతురు ఒలీవియా పోయాక ఆయన తాగుడులో మునిగిపోయాడు. సరస్సు మీద రాలిన ఆకుల పైనుంచి నడిచి చూపిస్తానని ఆ పాప తండ్రితో అనేది. వయొలెట్ గొడుగు పట్టుకుని పరిగెత్తి నీళ్ల మీదికి దూకి చూపిస్తుంది. ఆ పని ముగించుకుని ఓడలో తిరిగి వస్తూ అనుకుంటుంది: నేను చంపినవాళ్లలో కూడా ఇలా ఇంటికి తిరిగి వస్తానని ఎవరికో మాట ఇచ్చినవాళ్లు ఉండి ఉంటారు కదా అని. మొదటి ఎపిసోడ్‌లో హాడ్జిన్స్ ‘నువ్వు కాలిపోతున్నావు, ఆ సంగతి నీకు తెలియడం లేదు’ అన్నది అప్పుడు అర్థమవుతుంది ఆమెకు. మేజర్ చనిపోయాడన్న కబురు ఆ తర్వాత చెవిన పడుతుంది. అంటే పరాయివాళ్ల దుఃఖం ముందు తెలిసింది, తన దుఃఖం తర్వాత వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే మూడో ఎపిసోడ్. డాల్స్ శిక్షణ బడిలో టైపింగులో వయొలెట్‌ను మించినవాళ్లు లేరు. కానీ ఆమె రాసింది ఉత్తరంలా కాదు, సైన్యం రిపోర్టులా ఉందని మిగతావాళ్లకు పాసైన గుర్తుగా ఇచ్చిన బ్రోచ్ ఆమెకు ఇవ్వలేదు. అక్కడి స్నేహితురాలు లుకూలియా వాళ్లన్నయ్య స్పెన్సర్ యుద్ధం నుంచి కుంటికాలితో తిరిగొచ్చి, అమ్మానాన్నలను కాపాడలేకపోయానని తాగి వీధుల్లో గొడవలు పడుతుంటాడు. లుకూలియా ‘నువ్వు బతికి ఉన్నందుకు సంతోషమని చెప్పాలని ఉంది, అదే నోట రావడం లేదు’ అని మాటల్లో అంటుంది. వయొలెట్ అదే రాసి తీసుకెళ్లి స్పెన్సర్ చేతికి ఇస్తుంది. బతికి ఉన్నందుకు కృతజ్ఞత, అంతే ఉత్తరం. అప్పటికి వయొలెట్ పోగొట్టుకున్నానని తెలుసుకున్నది ఏమీ లేదు.

ఓరుగల్లు_కుర్రోడు:
మల్లెతీగ అక్కా, మూడో ఎపిసోడ్ వరకు మీతోనే ఉన్నా. కానీ నాలుగో ఎపిసోడ్‌లో తోటి డాల్ ఐరిస్ వాళ్ల ఊళ్లో, ఐరిస్ దాచుకున్న సంగతి ఆమె అమ్మానాన్నల ముందు టక్కున అనేసిన పిల్ల, ఐదో ఎపిసోడ్‌కే రాకుమారి షార్లెట్ ప్రేమలేఖలు రాసేంత పేరున్న డాల్ ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. మధ్యలో ఏం జరిగిందో చూపించలేదు. నేర్చుకోవడం గురించిన కథలో నేర్చుకునే భాగమే ఎగరగొట్టేస్తే ఎలా?

మల్లెతీగ:
ఇది నిజమైన లోటే తమ్ముడూ. నాకూ బాధే. 13 ఎపిసోడ్లలో అక్కడొక రెండు కావాలి. అయినా ఐదో ఎపిసోడ్‌లో ఆమె చేసినది గమనించు. రెండు రాజ్యాల తరఫున డాల్స్ రాస్తున్న అలంకారాల ప్రేమలేఖలకు జనమంతా మురిసిపోతుంటే, షార్లెట్ ఏడుపు చూసి, నీ మాటల్లో నువ్వే రాయి అంటుంది. రాయడమే వృత్తిగా ఉన్న పిల్ల తాను తప్పుకుంది. పొడిపొడి రిపోర్టులు రాసిన మనిషికి ఆ తెలివి ఎక్కడి నుంచి వచ్చిందంటావు?

నీలికవరు:
మాది జగిత్యాల వైపు. ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

1980లలో మా ఊళ్లో చాలా ఇళ్ల మగవాళ్లు దుబాయ్, మస్కట్‌లలో ఉండేవారు. చదువు రాని ఆడవాళ్లు ఎయిర్ మెయిల్ కవరు చేత్తో పట్టుకుని ఒకాయన ఇంటి అరుగు దగ్గర కూర్చునేవారట. మా అమ్మమ్మ కూడా. ఆయన రాయడం మొదలుపెడితే ‘ఉభయకుశలోపరి, ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము’. పిల్లకు జ్వరం తగ్గడం లేదని అమ్మమ్మ అరుగు మీద ఏడుస్తున్నా పైన ఆ వరుసలే. అప్పువాళ్లు ఇంటి మీదికి వస్తున్న సంగతి చివర్లో చోటు మిగిలితే రాసేవాడు. పైగా సాయంత్రానికి ఎవరింట్లో ఏ గొడవో ఊరందరికీ తెలిసిపోయేది. ఏళ్ల తరబడి రాశాడు ఆయన. మా అమ్మ ఈరోజుకీ ఆ మనిషి పేరెత్తితే ముఖం తిప్పుకుంటుంది.

కాబట్టి ఉత్తరాలు రాస్తే మనసు వస్తుందన్న మాట నేను నమ్మను. కానీ కృష్ణాతీరం గారి మాట కూడా నాకు సరిగ్గా లేదు. దెబ్బ తిన్నవాళ్లంతా మెత్తబడితే స్పెన్సర్ వీధిలో ఎందుకు కొట్లాడుతున్నాడు? ఆస్కార్ ఇంట్లో ఖాళీ సీసాలు ఎందుకున్నాయి? దుఃఖం ఎక్కువమందిని లోపలికి ముడుచుకునేలా చేస్తుంది.

నాకు కనిపించింది వేరు. వయొలెట్ అర్థం కానిది అర్థం కాలేదని ఒప్పుకుంటుంది, వదలకుండా అడుగుతుంది. ఎదుటివాళ్లు చెప్పేదాకా కూర్చుంటుంది. పదకొండో ఎపిసోడ్‌లో ఐడన్ అనే సైనికుడు పాకలో రక్తం కారుతూ చనిపోతుంటాడు. టైప్‌రైటర్ తీసే సమయం లేదు. వయొలెట్ గాల్లోనే ఆ లోహపు వేళ్లు కదుపుతూ అతని మాటలు ఒక్కొక్కటే టైప్ చేసి గుర్తుపెట్టుకుంటుంది. మా ఊరి ఆయనకు ఒక్కనాడైనా అంత శ్రద్ధ ఉంటే మా అమ్మమ్మ ఉత్తరం వేరేలా ఉండేది.

కృష్ణాతీరం:
నీలికవరు గారూ, మీ అమ్మమ్మ సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. వరస విషయంలో మల్లెతీగ గారు చెప్పింది కూడా కాదనలేను. అయినా ఒక పట్టు వదలను. ఆస్కార్ దగ్గర ఆమె రాసింది ఉత్తరం కాదు, నాటకం. తొమ్మిదో ఎపిసోడ్‌లో ఆమెను లేపి నిలబెట్టినది కూడా తాను రాసిన ఉత్తరం కాదు. తోటి డాల్స్ ఎరికా, ఐరిస్ తనకు రాసిన ఉత్తరం. ఆమె పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అది. అప్పటిదాకా వందల మందికి చేర్చిన వస్తువు తన చేతిలోకి వస్తే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. అందుకే పదో ఎపిసోడ్‌లో అంత గట్టిగా నిలబడగలిగిందని నా నమ్మకం. క్లారా అనే తల్లి తాను పోయాక కూతురు ఆన్‌కు ఏటా పుట్టినరోజున చేరేలా 50 ఉత్తరాలు రాయిస్తుంది. అమ్మతో గడిపే సమయం నువ్వు లాక్కుంటున్నావని ఏడేళ్ల ఆన్ ఎంత గొడవ చేసినా, కారణం చెప్పకుండా, విసుక్కోకుండా పని పూర్తి చేస్తుంది. తిరిగొచ్చాక ఆఫీసులో ఏడుస్తుంది, అక్కడ ఏడవకూడదని ఆపుకున్నానంటుంది. ఉత్తరం అందుకున్న మనిషికే అందుతుందన్న ధైర్యం ఉంటుంది.

ఓరుగల్లు_కుర్రోడు:
అది నచ్చింది నాకు. ఈ సిరీస్‌కు కొనసాగింపుగా వచ్చిన 2020 సినిమాలో యూరిస్ కూడా గుర్తొస్తున్నాడు. చనిపోతున్న ఆ పిల్లవాడు స్నేహితుడికి ఉత్తరం రాయించే సమయం లేక, ఐరిస్ వాళ్లు టెలిఫోన్ ఏర్పాటు చేస్తే అందులో మాట్లాడతాడు. డాల్స్ ఉద్యోగాలు తినేసే యంత్రమే చివరికి పని చేసింది. ఉత్తరమే గొప్పదని ఆ కథ రాసినవాళ్లు కూడా పట్టుబట్టలేదు.

నీలికవరు:
మరి డీట్‌ఫ్రీడ్ సంగతేమంటారు? చిన్నప్పుడు ఆమెను వస్తువులా తమ్ముడు గిల్బర్ట్‌కు ఇచ్చింది ఆయనే. తన మనుషులను చంపిందని పగ. ఆయన ఆమెతో ఒక్క ఉత్తరం రాయించుకోలేదు, ఒక్క మంచి మాట అనలేదు. అయినా పన్నెండో ఎపిసోడ్‌లో రైలు మీద ఇక ఎవర్నీ చంపనని నిలబడి, ఆయన ప్రాణం కూడా కాపాడుతుంది. తమ్ముణ్ని పోగొట్టుకున్న అన్నగా ఆయన్ని చూస్తుంది. ఆ చూపు ఆమెకు ఎవరు రాయించిన ఉత్తరంలో దొరికిందో మల్లెతీగ గారు చెప్పాలి.

మల్లెతీగ:
స్పెన్సర్ ఉత్తరంలో. అన్నాచెల్లెళ్ల మధ్య, బతికినవాడి మీద పోయినవాళ్ల బరువు ఎలా పడుతుందో ఆమె మొదట చూసింది అక్కడే. తొమ్మిదో ఎపిసోడ్‌లో ఆ స్పెన్సరే తిరిగి వచ్చి, చెల్లెలికి కృతజ్ఞత చెప్తూ ఉత్తరం రాసిపెట్టమని వయొలెట్‌నే అడుగుతాడు. డీట్‌ఫ్రీడ్ కోపం వెనక ఏముందో పోల్చుకోవడానికి ఆమెకు అది చాలు.