లేజర్ తర్వాత చూపు తగ్గితే తప్పు లేజర్‌దేనా?

రాత్రిపిట్ట: షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక తెర) పాడైందని నాన్నగారికి రెండు కళ్లకూ లేజర్ చేశారు. చార్టు మీది అక్షరాలు మునుపటిలాగే చదువుతున్నారు. కానీ లైట్లు తీసేస్తే గోడ పట్టుకుని నడుస్తున్నారు. పక్కనుంచి వచ్చే మనిషి మీద పడేదాకా కనబడట్లేదు. కొత్త రక్తనాళాలు పెరగకుండా కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఉండగా ఈ కాల్చుడు ఎందుకండీ?

లెక్కలమాస్టారు: బాధ అర్థమైంది గానీ మీతో ఏకీభవించను. షుగర్ వల్ల రెటీనా అంచులకు ఆక్సిజన్ సరిగ్గా అందదు. ఆ కొరతకి కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి, అవి నాసిరకం, ఇట్టే చిట్లిపోయి కంట్లో రక్తం కారుతుంది. అందుకే అంచుల్లో సుమారు 1200 నుంచి 1600 చోట్ల లేజర్‌తో కాలుస్తారు. ఆక్సిజన్ అడిగే కణాలు తగ్గితే ఉన్నది మిగతావాటికి సరిపోతుంది. చీకట్లో చూపునిచ్చే రాడ్ కణాలు కేంద్రం బయటే ఎక్కువ, మీ నాన్నగారి ఇబ్బంది అక్కడిదే. 1976లో అమెరికా డయాబెటిక్ రెటినోపతి స్టడీ తేల్చింది: ఈ లేజర్‌తో చూపు బాగా పోయే ముప్పు సగానికి పైగా తగ్గింది.

రాత్రిపిట్ట: 1976 సంగతి ఇప్పుడెందుకండీ! ఇంజెక్షన్‌నీ లేజర్‌నీ పోల్చిన అమెరికా అధ్యయనం, 2015లో వచ్చిన ప్రొటోకాల్ ఎస్ చూడండి. రెండేళ్ల తర్వాత ఇంజెక్షన్ వాళ్ల చూపు లేజర్ వాళ్లకు తీసిపోలేదు, పక్కచూపు తక్కువే పోయింది.

లెక్కలమాస్టారు: దాని అయిదేళ్ల ఫలితాలు 2018లో వచ్చాయి, అవీ చూడండి. చార్టు చూపు ఇద్దరికీ దాదాపు సమానమే. పక్కచూపు రెండు గుంపుల్లోనూ తగ్గుతూనే వచ్చింది, లేజర్ వాళ్లకు కాస్త ఎక్కువ. చాలామంది మధ్యలోనే రావడం మానేశారు కూడా.

ఒంటికన్ను: ఆ మానేసిన బాపతు నేనేనండి. ఇంజెక్షన్లతో బాగానే ఉందని ఏడెనిమిది నెలలు వెళ్లలేదు. ఒకరోజు పొద్దున్న కళ్ల ముందు నల్లటి సాలెగూడు. రక్తం! తర్వాత రెటీనా కూడా ఊడింది, ఆపరేషన్ చేసినా ఆ కన్ను పెద్దగా రాలేదు. రెండో కంటికి మాత్రం లేజరే చేయించుకున్నా. రాత్రి బండి నడపను, అంతే.

రాత్రిపిట్ట: క్రమం తప్పితే ఇంజెక్షన్ మోసం చేస్తుందంటే ఒప్పుకుంటా. కానీ చీకట్లో ఇలా ఉంటుందని మాకు ముందు ఒక్క ముక్క చెప్పలేదు. సంతకం మాత్రం తీసుకున్నారు.

లెక్కలమాస్టారు: అందులో మీదే న్యాయం.